‘పెద్దా చిన్నా’ ఆడేముందు జత సంగతి తేల్చండి మహాప్రభో

కనుమ నాడు మా ఇంట్లో జరిగిన గొడవ ఇంకా చల్లారలేదు. ఆస్తి గొడవ కాదు, ఒక్క అరిసె గొడవ.

మధ్యాహ్నం గారెలూ కోడికూరా తిని అందరూ చాపల మీద వాలిపోయాక పిల్లలు పేక తెచ్చారు. రమ్మీ వాళ్లకి రాదు, మూడు ముక్కలాట మేం ఆడనివ్వం. ఇక మిగిలింది ‘పెద్దా చిన్నా’. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. పేక బాగా కలిపి, కోత కోయించి, ఒక ముక్క వెల్లకిలా పెడతారు. తర్వాత తిప్పే ముక్క దానికన్నా పెద్దదో చిన్నదో అవతలివాడు చెప్పాలి. చెప్పింది నిజమైతే ఆ కొత్త ముక్క మీద మళ్లీ చెప్పాలి. వరసగా ఐదు నెగ్గితే పందెం వాడిది. రంగుతో పని లేదు, ఇస్పేటైనా ఆఠీనైనా ఒకటే. అంతే ఆట. ఆరేళ్ల పిల్లకి కూడా ఒక్క నిమిషంలో వచ్చేస్తుంది.

మా మేనల్లుడు నాలుగు నెగ్గాడు. పళ్లెంలో చివరి అరిసె పందెం. తొమ్మిది పడింది. వాడు కాసేపు ఆలోచించి ‘చిన్న’ అన్నాడు. మా చిన్నాన్న ముక్క తిప్పాడు. మళ్లీ తొమ్మిదే!

‘జత పడితే పంచినవాడిదే’ అని చిన్నాన్న అరిసె మీద చెయ్యేశాడు. ‘పసివాడి నోటిదగ్గరది లాక్కుంటావేంట్రా, జత పడితే ఆడేవాడిదే’ అని మా అత్తయ్య. ‘ఎవరిదీ కాదు, ఇంకో ముక్క తిప్పాలి’ అని మా అక్క. వాడు ఏడుపు. ఇల్లు మూడు పార్టీలుగా చీలిపోయింది.

నా గోల ఒక్కటే. ఇంత చిన్న ఆటకి ఉన్నవే రెండు మూడు రూల్సు. అవి కూడా ముందు మాట్లాడుకోరా? జత అరుదుగా పడేదేమీ కాదు. ఒక ముక్క బయట పడ్డాక మిగిలేవి 51, వాటిలో అదే అంకె మూడు. అంటే పదిహేడింట ఒకసారి. ఓ పూట కూర్చుని ఆడితే ఎన్నిసార్లు పడుతుందో మీరే ఊహించుకోండి. మరి ‘పడినప్పుడు చూద్దాంలే’ అంటే ఎలా? పడినప్పుడు ఎవడి పక్షం వాడిదే.

ఈ ఆటనే టీవీకి ఎక్కించిన దేశాలున్నాయి. అమెరికాలో 1978లో ‘కార్డ్ షార్క్స్’ అని మొదలైంది. తర్వాత బ్రిటన్‌లో బ్రూస్ ఫోర్సిత్ అనే ఆయన నడిపాడు. హాల్లో కూర్చున్న జనమంతా పెద్దా, చిన్నా అని గొంతులు చించుకునేవారు. జత పడితే ఏమీ రాదని ఆయన చెప్పీ చెప్పీ అది ఆయన ఊతపదమే అయిపోయింది. లక్షల మంది చూసే షోలోనే ముందు తేల్చుకున్న సంగతి, మన చాప మీద తేల్చుకోలేమా?

రెండో తగువు ఆసుది. ఆసు ఒకటా, రాజు మీదదా? రమ్మీలో అది అటూ ఇటూ కూడా చెల్లుతుంది కదా, అందుకని ఎవరికి తోచింది వాళ్లు అనుకుని కూర్చుంటారు. ఆసు ఒకటైతే ఆటకి నడిమి ముక్క ఏడు. రాజు మీదదైతే ఎనిమిది. ఇది తేలకుండా ఆడటం గట్టు తెలియకుండా పొలం దున్నడమే.

ఇక ‘అంతా అదృష్టం’ అనే బ్యాచ్ సంగతి. మా చిన్నాన్న ఈ బ్యాచ్‌కి నాయకుడు. ఆరోజు మేనల్లుడు చెప్పిన ‘చిన్న’ తప్పు కాదయ్యా. ఆసు ఒకటనుకుంటే నిండు పేకలో తొమ్మిది మీద చిన్నవి 32, పెద్దవి 16. వాడు సరిగ్గానే చెప్పాడు, ముక్కే వాణ్ని మోసం చేసింది. పదేళ్లవాడు లెక్క చూసి చెబితే మెచ్చుకోవాల్సింది పోయి ‘చూశావా, ఓడిపోయావు’ అంటాడు పెద్దమనిషి.

ఆసుని ఒకటిగా పెట్టుకుని నేను మొత్తం లెక్క వేశాను. (ఆ రాత్రి నిద్ర పట్టలేదు లెండి.) వరసగా రెండు ముక్కలు పడే తీరులు 2,652. నడిమికన్నా పైన ఉంటే చిన్న, కింద ఉంటే పెద్ద అని కళ్లు మూసుకుని చెప్పినా అందులో 1,920 నెగ్గుతాం. జతలు 156. ఓడేవి 576. అంటే నూటికి 72 సార్లు మన మాటే నిజమవుతుంది. మరి వరసగా ఐదు నెగ్గడం ఎందుకంత కష్టం? ఇక్కడే ఈ ఆటలో నాకు నచ్చిన గమ్మత్తుంది. రాజు మీద ‘చిన్న’ అని నెగ్గితే మన ముందుకి వచ్చేది రాజు కన్నా చిన్నదే. రెండు మీద ‘పెద్ద’ అని నెగ్గితే వచ్చేది పెద్దదే. అంటే నెగ్గే కొద్దీ నడిమికి జారుతూ ఉంటాం. మొదటి మాట నెగ్గాక చేతిలో ఏడు పడే అవకాశం, ఆసు పడే అవకాశానికి దాదాపు రెట్టింపు. ఏడు పడిందా, అటు 24, ఇటు 24, జతకి 3. జత పంచినవాడిదని రూలు పెట్టుకుంటే ఏం చెప్పినా సగానికన్నా తక్కువే. అందుకే మా ఇంట్లో నేనో రూలు పెట్టాను. ఆటలో ఒక్కసారి ముక్క మార్చుకోవచ్చు. మేనల్లుడు దాన్ని ఏడు కోసం దాచుకుంటున్నాడు. మా అత్తయ్య మాత్రం మొదటి ముక్కకే, అదీ రాణి పడితే, ‘దీని మొహం నాకు నచ్చలేదు’ అని మార్చేసింది. ఏం చెప్పమంటారు?

‘వరసగా నాలుగు పెద్దవి పడ్డాయి, ఇక చిన్నదే’ అనే మాట దగ్గర మాత్రం నేను కాస్త ఆగుతాను. బొమ్మా బొరుసూ ఆటలో అది ఒట్టి భ్రమ. కానీ ఇక్కడ పడిన ముక్కలు మళ్లీ పేకలో కలపకుండా పక్కన పేరుస్తున్నారనుకోండి, అందులో నిజం ఉంది. ఎనిమిది పడిందనుకుందాం. మామూలుగా చిన్నవే ఎక్కువ, 28 కి 20. కానీ అప్పటికే చిన్నవి 14, పెద్దవి మూడే వెళ్లిపోయి ఉంటే? మిగిలిన చిన్నవి 14, పెద్దవి 17. ఇప్పుడు ‘పెద్ద’ అనాలి! గుర్తు పెట్టుకున్నవాడిదే పైచేయి. రమ్మీ కేవలం అదృష్టం ఆట కాదని సుప్రీంకోర్టు చెప్పింది కూడా మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే, 1960ల చివర్లో. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అన్నది అక్కడ చెప్పిన కారణం. మా అరిసె ఆట రమ్మీ అంత గొప్పదని నేను అనను గానీ, ఒట్టి గుడ్డి ఆటా కాదు.

అసలు కోపం ఫోన్ల మీద. ఇదే ఆటని రంగులద్ది డబ్బు పెట్టి ఆడించే యాప్‌లు, వాటికి ‘ట్రిక్’ చెబుతామని రీల్స్‌లో మొహం పెట్టే కుర్రాళ్లు. అక్కడ ప్రతిసారీ పేక మళ్లీ కలుపుతారు, అంటే గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు. రాజు మీద ‘చిన్న’ అంటే పదమూడింట పన్నెండుసార్లు నెగ్గుతాం, జత పడితే ఓడతాం. న్యాయంగా అయితే వంద పెడితే నూట ఎనిమిదికి పైన రావాలి. వాళ్లు అంతకన్నా తక్కువ ఇస్తారు. ఆ తేడాయే వాళ్ల బతుకుతెరువు, ప్రతి ముక్కకీ కోసుకుంటారు. ఇందులో ట్రిక్ ఎక్కడుందిరా నాయనా? మా ఆఫీసులో ఒకతను ఇలాగే మూడు నెలల జీతం పోగొట్టుకున్నాడు. ‘ఇంకొక్కటి నెగ్గితే లేచేవాణ్ని’ అంటాడు ఇప్పటికీ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. మంచిదే. కానీ దొంగదారి లింకులు మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చి పడుతూనే ఉన్నాయి.

పిల్లలకి ఈ ఆట నేర్పండి. చింతగింజలతో నేర్పండి, జంతికలతో నేర్పండి. పడిన ముక్కలు వాళ్ల కళ్లెదుటే పరిచి ఉంచండి, లెక్క వాళ్లనే వేసుకోనివ్వండి. జత పిల్లలతో అయితే చెల్లదని, పెద్దలతో అయితే పంచినవాడిదని నా ఓటు. మీ ఇంట్లో ఇంకోలా పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, కాకపోతే కోత కోసేముందే చెప్పండి.

మా మేనల్లుడు ఇప్పుడు పేక ముట్టుకునేముందే అడుగుతున్నాడు: ‘చిన్న తాతయ్యా, జత ఎవరిది? ఆసు ఎంత?’

ఆ అరిసె మాత్రం చిన్నాన్నే తిన్నాడు.