3 టెస్లాలో ఇంజెక్షన్ పవర్ డబుల్ అవుతుందా?

ఈ వారంలో ఇదే మెసేజ్ నాలుగోసారి వచ్చింది, అందులో రెండు మా బంధువుల గ్రూప్‌లోనే. "3 టెస్లా మెషిన్‌లో అయస్కాంతం వల్ల గాడోలినియం ఇంజెక్షన్ పవర్ డబుల్ అవుతుంది, రేడియేషన్ ఎక్కువ, మెదడులో పేరుకుపోతుంది, ఇంజెక్షన్ వద్దని రాసిచ్చేయండి, ఆల్రెడీ చేయించుకుంటే కొత్తిమీర రసం తాగండి" అని. ఎంఆర్ఐ గదిలో పని చేసేవాణ్ణి, ఊరుకోలేకపోతున్నా. టెస్లా అంటే ఎంఆర్ఐ మాగ్నెట్ బలాన్ని కొలిచే లెక్క, గాడోలినియం అంటే గడ్డల్లాంటివి స్కాన్‌లో తెల్లగా కనిపించడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు.

రేడియేషన్ సంగతి వదిలేద్దాం, ఎంఆర్ఐ ఎక్స్‌రే కాదు. కొత్తిమీర పచ్చడికి బాగుంటుంది, ఈ మందుని బయటికి పంపేది కిడ్నీలు.

పవర్ డబుల్ అన్నది తలకిందులు మాట. స్కాన్‌కి సిగ్నల్ ఇచ్చేవి ఒంట్లోని నీటి ప్రోటాన్లు, వాటిని తొందరగా సర్దుకునేలా చేసి ఆ చోటుని తెల్లగా చూపించే గుణం గాడోలినియంకి మాగ్నెట్ పెరిగేకొద్దీ తగ్గుతుందండీ. గాడోబ్యూట్రాల్ అనే గాడోలినియం మందుకి కొంచెమే తగ్గుతుంది గానీ, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని తిరిగే గాడోఫోస్‌వెసెట్ అనే ఇంకో మందుకైతే 1.5 నుంచి 3 టెస్లాకి వెళ్లేసరికి దాదాపు సగానికి పడిపోతుంది. మరి 3 టెస్లాలో గడ్డ ఇంకా తెల్లగా ఎందుకు కనిపిస్తుందంటే చుట్టూ ఉన్న మెదడు టీ1, అంటే ప్రోటాన్లు సర్దుకోవడానికి పట్టే టైమ్, పెరిగి నల్లబడుతుంది కాబట్టి. మందు పెంచక్కర్లేదు, 60 కేజీల మనిషికి గాడోబ్యూట్రాల్ అదే 6 ఎంఎల్. 2022లో అమెరికాలో అనుమతి వచ్చిన గాడోపిక్లెనాల్ కూడా 6 ఎంఎల్లే, కానీ అందులో గాడోలినియం సగమే, ఎందుకంటే మామూలు మందు ఒక నీటి అణువుని పట్టుకునే చోట ఇది రెండింటిని పట్టుకుంటుంది. అంటే ఇన్నేళ్లుగా జరుగుతున్న పని మొత్తం డోస్ తగ్గించడానికే, వీళ్లేమో డబుల్ అంటున్నారు!

ఒక్కటి ఒప్పుకుంటా, పేరుకోవడం అబద్ధం కాదు. చాలాసార్లు కాంట్రాస్ట్ తీసుకున్నవాళ్ల మెదడులో డెంటేట్ న్యూక్లియస్ అనే చోటు స్కాన్‌లో తెల్లబడటం 2014లో జపాన్ డాక్టర్లు చూపించారు, 2017లో యూరప్ గాడోడయమైడ్ లాంటి లీనియర్ మందులు (గాడోలినియంని తెరిచిన గొలుసులా పట్టుకునేవి) కొన్నిటిని ఆపేసింది. చుట్టూ రింగులా మూసి పట్టుకునే మాక్రోసైక్లిక్ మందులో గాడోలినియం బోనులో ఉన్నట్టు ఉంటుంది, జారేది చాలా తక్కువ. మిగిలిన కాస్త వల్ల మెదడు దెబ్బతిన్నట్టు ఇప్పటిదాకా రుజువు లేదు. కిడ్నీలు బాగా పాడైనవాళ్లలో కొందరికి లీనియర్ మందులతో చర్మం గట్టిపడే జబ్బు వచ్చింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అడిగేది అందుకే. కాబట్టి మందు పేరు అడగండి, ఏ రకమో అడగండి, అది మీ హక్కు.

కానీ "వద్దని రాసిచ్చేయండి" అన్న ముక్క ఉందే, దానికే నాకు ఒళ్లు మండుతోంది. మొన్న గడ్డ ఆపరేషనై ఆర్నెల్లైన ఒకావిడ ఫోన్‌లో ఈ మెసేజ్ చూపించి, ఇంజెక్షన్ కోసం చేతికి పెట్టిన క్యాన్యులా తీయించుకుని మరీ కాంట్రాస్ట్ లేని ప్లెయిన్ స్కానే చేయించుకున్నారు. ఆపరేషన్ చేసిన చోట వాపో, గడ్డ మళ్లీ పెరిగిందో ప్లెయిన్‌లో తేలలేదు, రిపోర్ట్‌లో "కాంట్రాస్ట్ స్కాన్ అవసరం" అని రాయాల్సొచ్చింది. అదే డబ్బు మళ్లీ, అదే భయం మళ్లీ, పోయిన రోజులు ఎవరిస్తారు? ఫార్వర్డ్ చేసినాయన ఇస్తాడా?

ఆవిడకి మంగళవారం స్లాట్ ఇచ్చాం. ఈసారి వాళ్లబ్బాయితో ఫోన్‌లో మాట్లాడి మందు పేరు, డోస్ రాసుకోమన్నాను.