బెట్టకు వదిలిన బత్తాయి, బెట్టకు వదిలిన మామ

టెన్షన్ ఒంటికి మంచిదట. ఈ మాట విన్నప్పటి నుంచి మా నల్లగొండ జిల్లా మీద నాకు గౌరవం రెట్టింపైంది. ఉత్త మాట కాదు, 1908లోనే యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో ఎలుకలకు కరెంటు షాకులిచ్చి మరీ తేల్చారు: షాక్ మరీ తక్కువైతే ఎలుక బద్ధకిస్తుంది, కాస్త పెంచితే తొందరగా నేర్చుకుంటుంది. పని కష్టమైనదైతే షాక్ పెంచేకొద్దీ తడబడుతుందని కూడా వాళ్లే రాశారనుకోండి, శుభమా అని మంచి మాట చెప్పుకుంటుంటే అవన్నీ ఇప్పుడెందుకు. హాన్స్ సెల్యే అనే ఆయనైతే మేలు చేసే ఒత్తిడికి ‘యూస్ట్రెస్’ అని విడిగా పేరే పెట్టాడు.

మా బత్తాయి రైతుకు ఈ సంగతి ఎలుకలతో పనిలేకుండానే తెలుసు. చలికాలంలో తోటకు నీళ్లు బంద్ పెట్టి బెట్టకు వదులుతాడు. ఆకు వాడి, కొంత రాలి, ఇక తన పని అయిపోయిందని చెట్టు అనుకునే వేళకు ఎరువేసి తడి ఇస్తాడు, కొమ్మకొమ్మకూ పూత. ఇసుక నేలలో తొందరగా వాడుతుంది, నల్లరేగడిలో ఆలస్యం, అందుకే రోజూ పొద్దున్నే పోయి ఆకు చూసొస్తాడు. బెట్ట ఎక్కువైతే పూత కాదు, కొమ్మలే ఎండుతాయి.

మనుషుల్ని బెట్టకు వదలడానికి వడ్ల కొనుగోలు కేంద్రం ఉంది.

మా మామకు మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకోనిదే లేవడు. మొన్న యాసంగి వడ్లు కేంద్రం దగ్గర ఆరబోసుకుని కూర్చున్నాం, పడమట మబ్బు కమ్మింది, అంతే, పరదా చంకన పెట్టుకుని ఆయన ఉరికిన ఉరుకు చూస్తే ఏ డాక్టరూ రాయని మందు అనిపించింది. అడ్రినలిన్ అంటారట, గుండె వేగం పెంచి కండరాలకు నెత్తురు తోలుతుంది, పైగా ఉచితం. జ్ఞాపకశక్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రి తిన్న కూర గుర్తులేని మనిషి, తూకం సీరియల్లో తనకంటే ముందు ఎన్ని కుప్పలున్నాయో, వెనకున్న ఏ కుప్ప రాత్రికి రాత్రి ముందుకొచ్చిందో గడగడా చెప్తున్నాడు.

మబ్బు తేలిపోయింది. పొద్దుగూకే వేళకు మిషన్ పెట్టి చూస్తే మ్యాచర్, అంటే వడ్లలో తేమ, 18 శాతం. 17 దాటకూడదు.

“ఇంకో రెండు రోజులు ఎండనియ్యి పెద్దాయనా” అనేసి పోయాడు కేంద్రం పిలగాడు. వడ్లనో, మామనో చెప్పలేదు.