కారు మీద గీత, ఊరంతా గీతోపదేశం

మా కోనసీమలో మనిషికి జ్వరమొస్తే చూడ్డానికి నలుగురొస్తారండి, కారుకి గీత పడితే నలభై మందొస్తారు, వచ్చినోళ్ళలో ఒక్కడూ ఉత్త చేతుల్తో రాడు, ఎవడి వైద్యం వాడు పట్టుకొచ్చేస్తాడు. ఇంత పెద్ద సమస్య మీద ప్రభుత్వం ఇప్పటిదాకా ఒక్క జీవో కూడా ఇవ్వకపోవడం చాలా విచారకరం, అందుకే బాధ్యత గల పౌరుడిగా నేనే కలం పట్టాను, కలం అంటే ఫోనే అనుకోండి.

ముందు నా నేరం ఒప్పేసుకుంటా. నల్ల కారు కొన్నాను. ఊళ్ళో బుర్రున్నవాళ్ళంతా తెల్లది కొన్నారు, తెల్లదాని మీద గీత పడినా పెద్దగా తెలీదు, నల్లదాని మీద మాత్రం కొత్తకోడలి తప్పుల్లాగ అన్నీ పదింతలై కనిపిస్తాయి. షోరూమ్‌లో లైట్ల కింద మెరుస్తుంటే మనసు పారేసుకున్నా, ఇప్పుడు ఎండలో నిలబడి దాని ఒంటి మీద వెంట్రుకంత గీతలు లెక్కపెట్టుకుంటున్నా.

మొన్న డిసెంబర్లో అంబాజీపేట నుంచి కాలవగట్టు మీద వస్తున్నా, ఎదురుగా గడ్డి ట్రాక్టరు. ట్రాక్టరంటే మీకు ట్రాక్టరేం కనపడదు, గడ్డిమేటు కాళ్ళొచ్చి దానంతటదే నడిచొస్తున్నట్టుంటుంది. ఒకపక్క కాలవ, ఒకపక్క కొబ్బరిచెట్లు, మధ్యలో ఒకటిన్నర బండికి సరిపడా రోడ్డు. అంచుకంటా జరిగి, అద్దం మడిచి, ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నా, మేటు మాత్రం నా కుడివైపు రెండు తలుపుల్నీ ప్రేమగా నిమురుకుంటూ పోయింది. డ్రైవరు తల బయటపెట్టి "పర్లేదండీ, గడ్డేనండి" అన్నాడు.

గడ్డేనంట! వరి గడ్డిలో సిలికా దండిగా ఉంటుందండి, ఇసకలో ఉండేదీ అదే, దానికి తోడు గట్టు మీద దుమ్ము, ఈ రెండూ కలిసి తలుపుల మీదనుంచి వెళ్తే అది గరుకు కాయితంతో ఒళ్ళు తుడిచినట్టే. అసలు లోతుగా వెళ్తే దీనికంతటికీ మూలకారణం కాటన్ దొర. ఆయన 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చెయ్యకపోతే ఈ కాలవలెక్కడివి, కాలవల్లేకపోతే గట్లెక్కడివి, ఇంత వరెక్కడిది, గడ్డెక్కడిది, ట్రాక్టరెక్కడిది, నా తలుపు మీద గీతెక్కడిది? కానీ ఈ మాట మా ఊళ్ళో పైకి అంటే ఆయన విగ్రహం ముందే నన్ను గుంజీలు తీయిస్తారు కాబట్టి ఆరోపణ ఇప్పుడే, ఇక్కడే, బేషరతుగా వెనక్కి తీసుకుంటున్నాను.

సరే, గీతంటే అసలేంటో తెలుసుకోకుండా చెరపడానికి దిగకూడదని యూట్యూబ్‌లో రాత్రి రెండింటిదాకా కూర్చున్నా. కారు రేకు మీద ఉండేది ఒక రంగు కాదంట, అడుగున తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమరు, దానిమీద అసలు రంగు, అన్నిటికీ పైన అద్దంలాంటి క్లియర్ కోటు. ఈ క్లియర్ కోటు మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. అంటే లక్షలు పోసి కొన్న బండి మెరుపంతా తలవెంట్రుకకన్నా పల్చటి పొర మీద ఆధారపడి ఉందన్నమాట. మా ఆత్రేయపురం వాళ్ళు కుండ బోర్లించి పూతరేకు తీసినప్పుడు చూసే ఉంటారుగా, ముట్టుకుంటే చిరిగేలా ఉంటుంది, ఇంచుమించు అలాంటిదే. పూతరేకుకైనా మధ్యలో నెయ్యీ బెల్లం ఉంటాయి, దీనికి అదీ లేదు.

గీత ఆ పై పొరలోనే ఆగిందా, కిందకి దిగిందా అన్నదే మొత్తం కేసు. దానికి రెండు పరీక్షలు. ఒకటి, గీత మీద కాస్త నీళ్ళు చల్లడం, తడిగా ఉన్నంతసేపు కనపడకుండా పోతే అది పైపై గీతే. రెండోది, గోటిని గీతకి అడ్డంగా మెల్లిగా లాగడం, గోరు పట్టుకోకపోతే ఇంట్లో పోయే గీత, టక్కుమని ఆగితే పెయింటర్ దగ్గరికి పోయే గీత. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దని మన పెద్దోళ్ళు ఊరికే అన్లేదండి. నాది గోటికి తగల్లేదు, హమ్మయ్య అనుకున్నా. అక్కడితో ఆగాల్సింది, కారు కాస్తా వీధరుగు ముందు పెట్టా, అదే తప్పయిపోయింది.

మొదట గొడ్డళ్ళు పట్టుకొచ్చింది పక్కింటి బాబాయిగారు. "కొబ్బరినూనె రాయవయ్యా" అన్నారు, రాశా, నిజంగానే గీత మాయం! ఆయన మీసం మెలేశారు. జరిగిందేంటంటే గీత అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోబట్టే మనకి తెల్లగా కనపడుతుంది, నూనె ఆ సందులో నిండితే వెలుతురు తిన్నగా పోతుంది, ఇందాక నీళ్ళతో చేసిందీ అదే, కాకపోతే ఇది కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. సాయంత్రానికి వీధిలో దుమ్మంతా వచ్చి జిలేబీ మీద ఈగల్లాగ తలుపుకి అంటుకుంది. మా పెద్దమ్మ చింతపండుతో తోమమంది, ఇత్తడి బిందె తళతళలాడ్డం లేదా అని ఆవిడ పాయింటు. ఎదురింటి కుర్రాడు టూత్‌పేస్ట్ తెచ్చాడు, నవ్వకండి, అందులో కాస్త విషయం ఉంది, చాలా పేస్టుల్లో సుద్దో సిలికానో సన్నగా నూరి వేస్తారు, అది మరీ చిన్న గీతల్ని కొంచెం అరగదీస్తుంది. అంటే గీసిందీ సిలికానే, చెరిపేదీ సిలికానే, మన రాజకీయాల్లాగే.

ఇక మా మావయ్యగారు. నేను టీ తాగొచ్చేలోపు ఆయన పంచె ఎగ్గట్టి, గిన్నెలు తోమే కొబ్బరి పీచు తడిపి, డిష్ సోప్ పెట్టి, ఎడమ తలుపు తోమేస్తున్నారు. ఎడమ తలుపు! గీతలు కుడివైపున్నాయి. "ముందు అటువైపు ట్రయల్ చూద్దామనండి అల్లుడుగారూ" అన్నారు. అల్లుడి మీద గౌరవంతో మామగారు చేసిన పనిని ఎవడు తప్పు పడతాడండీ, ఆయ్ అన్నాను, నవ్వాను, లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. గడ్డి పెట్టింది పది గీతలైతే పీచు పెట్టింది ముగ్గేనండి, ఎండలో చూస్తే సాలెగూడు మెరిసినట్టు గుండ్రంగా గుండ్రంగా.

ఆదివారం తెల్లారుజామున ఊరు లేవకముందే నేనే మొదలెట్టా. కారు షాంపూతో బాగా కడిగి, ఇసక రవ్వ లేకుండా చూసుకుని, ఆరబెట్టి, నీడలో పెట్టి (గీతల్ని అరగదీసే రబ్బింగ్ కాంపౌండు ఎండకి కాలిన రేకు మీద ఇట్టే ఎండిపోతుంది), అంచులకి మాస్కింగ్ టేపు అంటించా, అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుంది కదా మరి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ మీద రబ్బింగ్ కాంపౌండు శనగగింజంత, జానెడు జాగాలో, మెల్లిగా. తుడిచి చూడ్డం, మళ్ళీ కొంచెం. తర్వాత పాలిష్, ఆఖర్న వ్యాక్సు. ఇంతే. బలం అక్కర్లేదు, ఓపికే కావాలి, అది మా ఇంట్లో ఎవ్వరికీ లేదు.

అలా రుద్దుతుంటే నాకో సంగతి తట్టింది. గీత ఎక్కడికీ పోవట్లేదు! గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటునే దాని లోతుకి అరగదీస్తున్నాం, అంతా ఒకే ఎత్తుకి వచ్చేసరికి గీతన్నది కనపడదు. మా ఊరి రోడ్డు మీద గోతుల్ని పూడ్చేదీ సరిగ్గా ఈ పద్ధతిలోనే, ఏ ఏడుకాఏడు మిగతా రోడ్డు కూడా గోతి లోతుకి దిగిపోతోంది, త్వరలో ఒక్క గొయ్యి కూడా ఉండదు. అందుకే మాటిమాటికీ రుద్దకూడదండి, రుద్దిన ప్రతిసారీ ఆ పూతరేకు ఇంకొంచెం పల్చనౌతుంది, ఎండకి రంగు వెలిసిపోకుండా కాపాడేది అదే, అది కాస్తా పోతే తలుపు పాత గోడలాగ పొడలుపొడలుగా తయారౌతుంది.

పదింటికల్లా రెండు వైపులా తలుపులు అద్దాలైపోయాయి. అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. మా ఆవిడ చూసి "ఈ ఓపిక మన గ్రైండరు మీద ఎప్పుడైనా చూపించారా" అంది, దాన్ని నేను మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నా. బాబాయిగారు వచ్చి కొబ్బరినూనె మహిమే అన్నారు, మావయ్యగారు ఏమీ అన్లేదు గానీ పీచు వంక గర్వంగా చూసుకున్నారు.

సంక్రాంతికి ఇంక మూడు వారాలుంది. వెనకింటాయన ఒక డేగ పుంజుని (డేగంటే పందెంకోళ్ళలో ఒక రకం లెండి) పెంచుతున్నాడు, పందేలకి కాదంట, ఊరికే చూసుకోడానికంట, చూసుకోడానికే దానికి రోజూ బాదంపప్పు పెడుతున్నాడు. పదకొండింటికి అది తాడు తెంపుకుని మా వీధిలోకి వచ్చింది. కుడి తలుపు ముందు ఆగింది. అద్దంలాంటి తలుపులో దానికి అచ్చం దానిలాంటిదే ఇంకో డేగ కనపడింది, మెడ ఈకలు విప్పింది, అవతలదీ విప్పింది, ఇక దాని పౌరుషానికి అడ్డేముంటుంది చెప్పండి. నేను పరిగెత్తుకెళ్ళేసరికి నాలుగు దెబ్బలు కొట్టేసింది.

వంగి గోటితో లాగి చూశా. టక్కుమని ఆగింది.

వెనకింటాయన రొప్పుతూ వచ్చి, నన్ను దాటుకుని వెళ్ళి పుంజుని ఎత్తుకుని, దాని కాళ్ళూ గోళ్ళూ ముక్కూ అన్నీ చూసుకుని, అప్పుడు తలుపు వంక ఒక చూపు చూసి, "మాదే గెలిచిందండి" అన్నాడు.