సవరణ: షోపాన్ ‘ఫాంటసీ ఇంప్రాంప్టూ’

ఈ పియానో రచన ఓపస్ 66 (ఓపస్ అంటే స్వరకర్త రచనలకు వేసే వరుస సంఖ్య) కాబట్టి ఇది పోలండ్ స్వరకర్త షోపాన్ చివరి రోజులది అని గత టపాలో ఉంది. అది సరికాదు. 1810లో పుట్టిన షోపాన్ దీన్ని 1834 ప్రాంతంలోనే రాశారు, బతికుండగా అచ్చుకివ్వలేదు. 1849లో ఆయన పోయాక, మిత్రుడు యూలియన్ ఫొంటానా 1855లో ప్రచురించి ఆ సంఖ్య వేశారు. అచ్చుకాని ప్రతులు తగలబెట్టమన్నది షోపాన్ కోరిక. అది నెరవేరకపోవడం మన అదృష్టం.

సాధన గురించి కూడా ఒక మాట. ఎడమచెయ్యి మూడు స్వరాల గుంపు వాయించే సమయంలోనే కుడిచెయ్యి నాలుగు స్వరాల గుంపు వాయించాలి. రెండు చేతులూ కలిసేది ప్రతి గుంపు మొదటి స్వరం దగ్గరే. కుడిచెయ్యి అందుకునే అయిదో బార్‌లో (బార్ అంటే స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే ఒక భాగం) మాత్రం కుడిచేతి మొదటి స్వరానికి ముందు చిన్న విరామం ఉంది, అక్కడ ఎడమచెయ్యి ఒక్కటే మోగాలి. ఆ విరామం మింగేస్తే కుడిచెయ్యి ఒక స్వరం ముందుకు జరిగి, రెండు చేతులూ కలవాల్సిన చోట కలవవు.