ముప్పై గ్రాముల చెక్‌పోస్టు

మనిషి కడుపులో ఒక చెక్‌పోస్టు ఉంది. పూటకు 30 గ్రాముల ప్రోటీన్ దాటగానే అక్కడ గేటు పడుతుంది, వెనక వచ్చిన సరుకంతా వృథాగా పోతుంది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా జిమ్ముల్లో అమల్లో ఉన్న శాసనం ఇది. ధిక్కరించే ధైర్యం ఎవరికుంది? గుడ్డుకు 6 గ్రాముల చొప్పున ఐదు గుడ్లు తిన్న కుర్రాడు ఆరోదాని దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఆరోది నేరం.

శాసనానికి మూలం లేకపోలేదు. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరుగురు కుర్రాళ్ల చేత కాళ్ల కసరత్తు చేయించి, గుడ్డు ప్రోటీన్ తాగించారు. 20 గ్రాముల దగ్గరే కండ కట్టే వేగం తారస్థాయికి చేరింది, 40 ఇచ్చినా చెప్పుకోదగ్గంత పెరగలేదు. కొన్ని గంటలపాటు వాళ్లు కొలిచింది ఆ వేగాన్నే. పేగు ఎంత పీల్చుకుంటుందన్నది వేరే సంగతి. పేగు చాలా ఓపికమంతురాలు. వచ్చినదాన్ని దాదాపు అంతా తీసుకుంటుంది, ఎక్కువొస్తే ఎక్కువసేపు తీసుకుంటుంది. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు కసరత్తు తర్వాత కొందరికి 25, కొందరికి 100 గ్రాముల పాల ప్రోటీన్ ఇచ్చి 12 గంటలు గమనించారు. 100 తాగినవాళ్లలో కండ కట్టడం ఎక్కువగా, ఎక్కువసేపు సాగింది. గేటేమీ పడలేదు. లారీలు వరసలో నిలబడి ఒక్కొక్కటే దాటాయి.

లెక్క లేనిదే నిద్రపట్టని వారికి ఒక లెక్క: కసరత్తు చేసేవాళ్లు పూటకు కిలో బరువుకు 0.4 గ్రాములు, రోజుకు నాలుగు పూటలు. 60 కిలోల మనిషికి పూటకు 24. పెద్దవయసు వాళ్ల కండలు కాస్త బద్ధకిస్తాయి కాబట్టి, పూటకు చాలినంత పెట్టాల్సింది నిజానికి వాళ్లకే. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఈ లెక్కలు పక్కనబెట్టి డాక్టరు చెప్పినంతే తినాలి.

గేటు సంగతి సరే, గేటు దాకా వచ్చే సరుకెంత? పొద్దున నాలుగు ఇడ్లీలు, 8 గ్రాములు. చట్నీని గౌరవించి 2 కలుపుదాం. మధ్యాహ్నం మొలగొలుకుల అన్నం 400 గ్రాములు గుట్టగా పోసుకుంటే 10. దాని మీద పప్పుచారు. వంద గ్రాముల కందిపప్పును ఆరుగురికి సర్దిన చారు అది, మనిషికి 4 గ్రాములు కూడా రావు. నీళ్ల మజ్జిగ 2. రాత్రి మళ్లీ అన్నం, మధ్యాహ్నం మిగిలిన చారు. మొత్తం కూడితే 40 దాటడం కష్టం. అందులోనూ సగానికి సగం అన్నానిదే, అన్నంలో లైసిన్, అంటే ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లో ఒకటి, తక్కువ. ఆ లోటు పూడ్చాల్సింది పప్పు, ఆ పప్పేమో గరిటె ముంచితే అడుగు కనిపించేంత పలచన. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 65 కిలోల మగవాడికి కసరత్తుతో పనిలేకుండానే రోజుకు 54 గ్రాములు కావాలంటోంది. పూటకు 13 గ్రాములు తింటూ 30 దాటుతుందేమోనని బెంగపడటం, బావిలో నీళ్లు లేని ఊరు వరద హెచ్చరికకు వణికినట్టుంది.

ఇక్కడొక మేధావి లేచి, "ఒంగోలు గిత్త గడ్డి తినే అంత బలిసింది గదన్నా?" అంటాడు. బలిసింది. దానికి నాలుగు గదుల పొట్ట ఉంది, మొదటి గదిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని తిని పెరుగుతాయి, ఆ జీవుల్ని గిత్త అరిగించుకుంటుంది. ఆ ఏర్పాటు ఉన్నవాళ్లు నిక్షేపంగా చొప్ప మేయొచ్చు.

తూకాల్లో మనవాళ్ల ప్రతిభ ఇంకొకటి. మీల్ మేకర్ ప్యాకెట్ మీద వందకు 52 గ్రాములని ఉంటుంది, అది ఎండుదానికి. నానితే మూడింతలవుతుంది. వండిన కూర వంద గ్రాములు తూచి 52 అని రాసుకునేవాణ్ణి ఆ దేవుడే కాపాడాలి. ఎండువి 25 గ్రాములు వేడినీళ్లలో పది నిమిషాలు నానేసి, రెండుసార్లు గట్టిగా పిండి వండితే 13 వస్తాయి, పచ్చివాసనా పోతుంది. రొయ్యల లెక్కా అంతే. 50 కౌంట్ వెనామీ రొయ్య అంటే కిలోకు 50 తూగేది, ఒక్కోటి 20 గ్రాములు. తల, పొట్టు తీస్తే మిగిలేది సగం, అందులో ప్రోటీన్ 2 గ్రాములు. పూటకు డజను కావాలి. మన గుంటల్లో పెరిగిన ఆ డజను అమెరికాకు ఓడెక్కితే, మనం డబ్బా పొడికి డబ్బు కడతాం. ప్రకాశం శనగలేమో కోల్డ్ స్టోరేజీలో రేటు కోసం కాచుకుని ఉంటాయి. గుప్పెడు, అంటే 50 గ్రాములు నానబెట్టి ఉడికిస్తే 10 గ్రాములు. కానీ వాటికి స్కూపు లేదు, షేకరు లేదు, అద్దం ముందు ఫొటో అసలే లేదు.

ఇక చేపల పులుసు. పులుసులో చింతపండు ఉంది, మామిడికాయ ఉంది, జిల్లా పరువు ఉంది. ప్రోటీన్ మాత్రం ముక్కలో ఉంది, వంద గ్రాముల ముక్కకు 20 దాకా. దాకలోంచి ముక్కలు మొదట ఇంటాయనకు, తర్వాత అల్లుడికి, ఆ తర్వాత జిమ్ము కుర్రాడికి వెళ్తాయి. కుర్రాడు రెండోది సగం తిని, 30 అయిపోయిందని మిగతా సగం కంచం అంచుకు నెడతాడు. అది పిల్లికి.

చివర్లో కోడలు కూర్చుంటుంది. ఎనిమిదో నెల. చివరి మూడు నెలల్లో రోజూ మామూలుకన్నా 22 గ్రాములు ఎక్కువ తినాలని అదే పోషకాహార సంస్థ లెక్క. గరిటె అడుగుదాకా పోయి ఒక మామిడి టెంకతో పైకొస్తుంది.

"పులుసు పోసుకో అమ్మాయ్," అంటుంది అత్తగారు, "రేపటికైతే ఇంకా బాగుంటుంది."