అట్ట రంగు తప్పని నా ప్రాజెక్టు పక్కన పడేశారు

మధ్యాహ్నం రెండున్నరకి వైవా అయింది. ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అన్నం కూడా సయించలేదు. రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు కాబట్టి రాస్తున్నా. పెద్ద పోస్టే అవుతుంది, ఓపికున్నవాళ్లు చదవండి. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలున్నవాళ్లు మాత్రం ఓపిక తెచ్చుకుని మరీ చదవండి.

నాలుగు నిమిషాలు. రెండేళ్ల ఎంబీఏకి, నాలుగు సెమిస్టర్లకి చివర్లో ఉండే ప్రాజెక్టు వైవా నాకు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా రిపోర్టు తెరవను కూడా తెరవలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందమ్మా, మెరూన్ అట్ట వేయించావు? ఎంబీఏకి నీలం కదా" అన్నారు. తర్వాత కంపెనీ సర్టిఫికెట్ ఏదని అడిగారు. "నేను కంపెనీలో చేయలేదు సార్, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో రొయ్యల రైతుల దగ్గర చేశాను" అన్నా. ఆయన మా గైడు వైపు చూశారు. ఆ టాపిక్ మీద స్వయంగా సంతకం పెట్టిన మా గైడు తల దించుకుని, "నేను చెప్పాను సార్, వినలేదు" అన్నారు. అంతే, నా ఫైలు పక్కన పెట్టేశారు. కంపెనీ సర్టిఫికెట్ పెట్టి, నీలం అట్ట వేయించి వారంలో మళ్లీ తెమ్మన్నారు.

ఆయన చదవలేదు కదా, అందులో ఏముందో మీకైనా చెప్పుకోవాలి.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు ఒక పల్లె. నాయనకి రెండెకరాల రొయ్యల గుంట, పక్కనే చిన్నాయనది ఇంకో గుంట. పోయిన ఎండాకాలం అందరూ ఇంటర్న్‌షిప్ అని షోరూములకీ బ్యాంకులకీ వెళ్తుంటే నేను చిన్నాయన బండి వేసుకుని గుంటలెంబడి తిరిగా. 38 మంది రైతుల్ని కలిశా. ఎండ ముదరకముందు కొంతమంది, సాయంత్రం మేత వేసే టైముకి కొంతమంది. ఒక పెద్దాయన రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి, అందులో మిగిలిన మేత వేళ్లతో నలిపి నాకు చూపించాడు. "ఇది మిగిలిందంటే రొయ్య తినలా. తినలేదంటే నాకు ఈ రాత్రి నిద్ర లేదు" అన్నాడు. ఆయనే మోటారు షెడ్డు దూలం సందులో దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసి మేత షాపు చీటీలన్నీ నా ముందు పరిచాడు. కొన్నిటి మీద అక్షరాలు చెమటకి అలుక్కుపోయి ఉన్నాయి. అవన్నీ గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నా.

ఆ చీటీల్లో ఉన్నదే అసలు మేనేజ్‌మెంట్. రొయ్యల సాగు పెట్టుబడిలో సగం పైన మేతకే పోతుంది. చేతిలో అంత డబ్బుండదు కాబట్టి షాపులో అప్పు పెడతారు. 25 కిలోల బస్తాకి రొక్కానికి ఒక రేటు, అప్పుకి ఇంకో రేటు. ఆ తేడాని ఎవరూ వడ్డీ అనరు, అందుకని అది వడ్డీ లెక్కలోకే రాదు. పట్టుబడి, అంటే గుంటలో రొయ్య పట్టే రోజు, వచ్చాక షాపు చెప్పిన ట్రేడరుకే సరుకు వెయ్యాలి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనేది. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, మంచి రేటు. 100 కౌంట్ అంటే చిన్నది, తక్కువ రేటు. గట్టు మీద తూకం దగ్గర కౌంట్ రెండు మూడు ఎక్కువ రాసినా రైతు నోరెత్తలేడు, ఎందుకంటే అతని అప్పు చీటీలు షాపువాళ్ల చేతిలోనూ ఉన్నాయి. మన రొయ్యకి పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఏప్రిల్‌లో అక్కడ సుంకం పెంచుతున్నారని వార్త వస్తే, అది ఇంకా అమల్లోకి రాకముందే ఇక్కడ గట్టు మీద రేటు దించేశారు. ఆగస్టుకి ఆ సుంకం 50 శాతానికి చేరింది. వార్త అక్కడ పుడితే నష్టం ముందుగా ఎవరి మీద పడింది, ఏ లెక్కన పడింది, అప్పులేని రైతుకీ అప్పున్న రైతుకీ చేతికొచ్చిన రేటులో తేడా ఎంత, ఇదీ నేను రాసింది. ఫైనాన్స్ ఇందులో లేదా? సప్లై చైన్ లేదా? రిస్క్ లేదా? ఇంకేం కావాలి ఎంబీఏకి?

"ఇది అగ్రికల్చర్ వాళ్లు చేసే పనమ్మా" అని గైడు మొదట్లోనే అన్నారు. అమూల్ కురియన్ గారు 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా అనే గ్రామీణ మేనేజ్‌మెంట్ కాలేజీ పెట్టింది దేనికండీ మరి? పల్లెల్లో రైతులతో కలిసి పనిచేసే మేనేజర్లు కావాలనే కదా. అక్కడ పిల్లల్ని ఊళ్లలోకి పంపి చదివిస్తారు, దాన్ని ఎవరూ వ్యవసాయం అని తీసిపారేయరు. ఆ మాట గైడుకి అప్పుడే చెప్పా. అప్పుడు సరేనని సంతకం పెట్టి, ఈ రోజు ఎగ్జామినర్ ముందు నేను మాట విననిదాన్ని అయిపోయా.

రెండేళ్లలో ఒక్క క్లాసులో కూడా మన ప్రాంతం మాట వినిపించలేదు. మార్కెటింగ్‌లో ఫోర్ పీస్ చెప్పాలంటే కూల్‌డ్రింకు, స్ట్రాటజీ చెప్పాలంటే అమెరికా కార్ల కంపెనీ. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ఎక్కడెక్కడి దేశాలకో పోతుంది, దాని గురించి ఒక్క కేస్ స్టడీ లేదు. కృష్ణపట్నం పోర్టు మాకు బస్సు దూరం, ఒక్కసారి తీసుకెళ్లి చూపించలేదు. మా బ్యాచ్‌లో కొండపి అమ్మాయి ఉంది, వాళ్లది పొగాకు వేసే కుటుంబం. వేలం కేంద్రానికి బేళ్లు తీసుకెళ్తే 'నో బిడ్', అంటే కొనేవాళ్లెవరూ పాడలేదు అని వెనక్కి పంపించినప్పుడు ఇంట్లో ఆ రాత్రి ఎలా ఉంటుందో ఆ పిల్ల ఒకసారి చెప్పింది, మేమంతా నోరు మూసుకుని విన్నాం. డిమాండ్, సప్లై గురించి రెండేళ్లలో నేను విన్న మంచి పాఠం అదే, అది కూడా క్యాంటీన్‌లో.

ఇక నన్ను అసలు కాల్చింది చెప్తా.

నా ముందు లోపలికి వెళ్లిన అబ్బాయి ప్రాజెక్టు ఉద్యోగుల మోటివేషన్ మీద. నెల్లూరులో ఒక బైకుల షోరూములో చేసినట్టు అట్ట మీద ఉంది. నీలం అట్ట, బంగారు అక్షరాలు, నున్నటి బైండింగు. మా కాలేజీ వీధిలో జిరాక్సు షాపులో కొన్నాడు. రిపోర్టు, సర్టిఫికెట్, చార్టులు అన్నీ కలిపి ఒకే రేటు. ఆ షాపులో పేర్లు మార్చి ప్రింటు తీసి ఇవ్వడమే పని. నిన్న సాయంత్రం వాడే నాకు చూపించాడు. 43వ పేజీలో 'హైదరాబాద్‌లోని మా కార్ల షోరూమ్' అని అలాగే ఉంది. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే ఎప్పుడో చదివి వెళ్లిపోయిన ఎవరిదో అమ్మాయి పేరు. అది కూడా చెరపలేదు. అదే పుస్తకాన్ని ఈ రోజు ఎగ్జామినర్ చేత్తో ఎత్తి పట్టుకుని, "చూడండి, ఫార్మాట్ అంటే ఇదీ" అన్నారట. వాడే బయటికి వచ్చి చెప్పాడు, పాపం సిగ్గుపడుతూనే చెప్పాడు. రాత్రుళ్లు మందుల షాపులో పనిచేసి ఫీజు కట్టుకునే పిల్లోడు వాడు, తిరిగి సర్వే చేసే టైము లేదు. వాడి మీద కోపం లేదని అబద్ధం చెప్పను, ఉంది. కానీ వాడి మీద పావలా ఉంటే, 43వ పేజీ తెరవనివాళ్ల మీద ముప్పావలా ఉంది.

వైవా అయ్యాక కారిడార్‌లో గైడు పక్కకి పిలిచి, గొంతు తగ్గించి ఏమన్నారో తెలుసా? "ఎందుకమ్మా ఇదంతా, ఆ జిరాక్సు షాపులో మాట్లాడుకో, సర్టిఫికెట్ వాళ్లే ఇస్తారు." పాఠం చెప్పే మనిషి నన్ను దొంగ కాగితం కొనుక్కోమని పంపిస్తున్నారు! 38 మంది గడపల దగ్గర నీళ్లు తాగి, టీలు తాగి, వాళ్ల అప్పుల చీటీలు నమ్మకంతో నా చేతిలో పెట్టించుకుని రాసినదాన్ని తీసేసి, వెళ్లని షోరూములో పనిచేశానని రాయాలంట.

ఇంకోటి. ఆ సర్వే మూడో సెమిస్టర్‌లోకి కూడా సాగింది. పట్టుబడి టైముకి గట్టు మీద ఉంటేనే తూకం కనపడుతుంది, అది మా టైంటేబుల్ చూసుకుని రాదు. దాంతో నా అటెండెన్స్ 75 శాతం కన్నా తగ్గింది. హాజరు తగ్గితే కట్టే కండోనేషన్ ఫీజు కట్టించుకున్నారు. ప్రాజెక్టు నిజంగా చేసినందుకు జరిమానా కట్టింది మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే.

"పాసవుతావు కదే, ఎందుకంత ఫీలవుతావు, అట్ట మార్చెయ్" అంటోంది నా ఫ్రెండు. మార్చేదాన్నేమో. కానీ ఆ తర్వాత ఆఫీసులో జరిగింది వినండి.

యూనివర్సిటీకి రాతపూర్వకంగా కంప్లయింట్ ఇస్తాను, నా రిపోర్టు తెరవకుండానే రిజెక్ట్ చేశారని రాస్తాను అన్నా. అక్కడున్న ఆయన కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా, "రాసుకో పాపా. నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉన్నాయి, అది గుర్తు పెట్టుకో" అన్నాడు.

ఈ మాటతో నాకు రెండేళ్ల కిందటి మంట మళ్లీ రాజుకుంది. అసలు ఈ కాలేజీలో నేను ఎందుకున్నానో చెప్పాలి. ఎంబీఏ ఎంట్రన్స్ ఐసెట్ ఫలితాలు వచ్చిన వారానికే పీఆర్వో అని ఒకాయన మా ఊరికి బండేసుకుని వచ్చాడు. నా నంబరు, నా ర్యాంకు, మా ఇల్లు ఎవరిచ్చారో ఇప్పటికీ తెలీదు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, నాయనతో అన్నా అన్నా అని మాట కలిపాడు. "ఒరిజినల్స్ ఇవ్వండన్నా, వెరిఫికేషన్ మేమే చూసుకుంటాం. పాపకి ఓటీపీ వస్తది, అది చెప్తే కాలేజీల ఆప్షన్లు మేమే పెడతాం. ఫీజు సంగతి మీకెందుకు, గవర్నమెంటు కడతది" అన్నాడు. నాయన ఏడో తరగతి దాకా చదివాడు. మర్యాదగా మాట్లాడితే నమ్ముతాడు. టెన్త్, ఇంటర్, డిగ్రీ, టీసీ అన్నీ బీరువాలోంచి తీసి ఇచ్చాడు. ఓటీపీ చెప్పింది నేనే, ఆ తప్పు నాదే.

నాకొచ్చిన ర్యాంకుకి కాకుటూరు క్యాంపస్‌లో, అంటే విక్రమ సింహపురి యూనివర్సిటీలోనే, సీటొచ్చే అవకాశం ఉందని మా డిగ్రీ మేడం చెప్పారు. కానీ ఆప్షన్లలో ఆ పేరే పెట్టలేదు. ఆఖరి విడతలోనైనా మార్చుకుంటాను, కాగితాలివ్వండి అని నాలుగుసార్లు తిరిగా. సార్ లేరు, రేపు రా, బీరువా తాళం లేదు. గడువు దాటిపోయింది. ఇక ఫీజు. 2020 చివర్లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి రీయింబర్స్‌మెంట్ తీసేశారు. అరుగు మీద మజ్జిగ తాగినాయనకి ఇది తెలీదా? తెలుసు. తెలిసే గవర్నమెంటు కడతదని చెప్పాడు. నాకు ఒక్క రూపాయి రాలేదు. అమ్మ నానుతాడు బ్యాంకులో పెట్టి మొదటి ఏడాది కట్టాం. అది ఇంకా బ్యాంకులోనే ఉంది. పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు అమ్మ కొంగు మెడ చుట్టూ కప్పుకుని వెళ్తుంది, మేమెవ్వరం ఆ మాటెత్తం.

ఒరిజినల్స్ దగ్గర పెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు. 2018 అక్టోబరులోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ టైములో సర్టిఫికెట్లు మన ఎదురుగానే చూసి, అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేయాలి, కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఈ సాయంత్రం బస్సులో కూర్చుని వెతికితే దొరికింది. రెండేళ్ల ముందు వెతికి ఉంటే ఆ బీరువా తాళం సంగతి అప్పుడే తేలేది.

మేత షాపు చేతిలో చీటీలున్న రైతు కౌంట్ తప్పని చెప్పలేడని నా రిపోర్టులో రాశాను. ఈ రోజు ఆ ఆఫీసులో నిలబడినప్పుడు నా గొంతు కూడా అలాగే పూడుకుపోయింది. ఆ పెద్దాయన కవరు ఎందుకు దూలంలో దాచుకున్నాడో అప్పుడు అర్థమైంది.

డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలకి ఒక్కటే చెప్తున్నా. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఆప్షన్లు మీరే పెట్టుకోండి, రాకపోతే ఈ పోస్టు కింద అడగండి, నేను దగ్గరుండి పెట్టిస్తా. కాగితాలు చూపించండి, చేతికి మాత్రం ఇవ్వొద్దు.

అట్ట మార్చడం లేదు. సర్టిఫికెట్ కొనడం లేదు. ఆ నోటిఫికేషన్ ప్రింటు తీయించా, రెండు కాపీలు, వేరే వీధిలో. అర్జీ కూడా రాసిపెట్టా. రేపు పదింటికి ఆఫీసు తెరుస్తారు. ఇందాక ఫోన్‌లో నాయనకి అంతా చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కాగితాలు ఇచ్చింది నేను కదమ్మా, అడగాల్సింది కూడా నేనే" అన్నాడు. గుంట దగ్గర చిన్నాయనని పెట్టి మొదటి బస్సుకే వస్తున్నాడు.