సవరణ: రాబర్ట్స్ పతకాల గురించి

బ్రిటిష్ సేనాని ఫ్రెడరిక్ రాబర్ట్స్ సైనిక జీవితంపై నేను ఇదివరకు రాసిన వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి. బ్రిటన్ అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ ఆయనకు రెండో అఫ్గాన్ యుద్ధంలో (1878-80) లభించిందని రాశాను, అది సరికాదు. 1832లో కాన్పూరులో పుట్టి, బెంగాల్ ఫిరంగి దళంలో చేరిన రాబర్ట్స్‌కు ఆ గౌరవం దక్కింది 1858 జనవరి 2న ఖుదాగంజ్ వద్ద చూపిన సాహసానికి.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. కాబూల్ - కాందహార్ నక్షత్ర పతకాన్ని వెండిదిగా పేర్కొన్నాను. వెండితో చేసింది ఆ యుద్ధంలో పాల్గొన్నవారికి ఇచ్చిన అఫ్గానిస్తాన్ పతకం. యుద్ధాల పేర్లున్న పట్టీలు తగిలించేది కూడా దానికే. 1880 ఆగస్టులో రాబర్ట్స్ నాయకత్వంలో సుమారు పదివేల మంది సైనికులు కాబూల్ నుంచి మూడు వందల మైళ్లకు పైగా నడిచి కాందహార్ చేరుకున్నందుకు గుర్తుగా ఇచ్చిన నక్షత్రం మాత్రం కంచుది. సెప్టెంబరు 1న అక్కడ జరిగిన పోరులో అఫ్గాన్ నాయకుడు అయూబ్ ఖాన్ సేన నుంచి పట్టుకున్న ఫిరంగులను కరిగించి దాన్ని పోత పోశారు. ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనుకు వేలాడే ఆ నక్షత్రాన్ని తిప్పి చూస్తే, గుల్లగా ఉన్న నడిమి భాగం చుట్టూ గ్రహీత పేరు, దళం చెక్కి ఉంటాయి. ఆ నడకలో పాల్గొన్న సిక్కు, గూర్ఖా సిపాయిలకూ ఇదే నక్షత్రం ఇచ్చారు కనుక, లోహం విషయంలో పొరబడడం వాళ్ల చరిత్రనూ తప్పుగా చెప్పడమే అవుతుంది.

ఆ వ్యాసంలో మిగతావి సరైనవే: రాబర్ట్స్ గుర్రం వొనొలెల్‌కు విక్టోరియా రాణి పతకాలు ఇప్పించారన్నది నిజమే. 1881 నుంచి 1885 వరకు ఆయన మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా ఉన్నారన్న వాక్యంలోనూ మార్పు లేదు.